పత్తిగదిలో రాక్ పాట

పల్నాడులో రాక్ పాటను పుట్టించినవాణ్ణి నేనే. ఈ సంగతి చాలాచోట్ల చెప్పాను. పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, రైలుపెట్టెల్లో చెప్పాను, పళ్ళ డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి చూస్తుంటే ఆ అద్దం పక్కనుంచి కూడా చెప్పబోయాను. ఎనభైల్లో, నరసరావుపేటలో, మా ఇంటి స్టూడియోలో, ఎలక్ట్రిక్ గిటారుతో నేను రికార్డు చేసి మిక్సింగ్ చేసిన పాటని తిరునాళ్ళలో కొండకింద నిలబెట్టే ఎత్తైన వెదురు ప్రభకు కట్టిన మైకుల్లో లక్షమంది విన్నారు. కొండవైపు తిరిగి దండం పెట్టుకుంటున్నవాళ్ళు సగం దండంలో ఇటు తిరిగారు. నమ్మినవాళ్ళు కొందరు నాకు కాఫీ కూడా ఇప్పించారు.

ఇప్పుడు వయసు మీదపడింది. అబద్ధాన్ని మొయ్యడానికి కూడా నడుములో సత్తువ ఉండాలి. అందుకని ఒక్కొక్కటే కింద దించుతాను.

లక్షమంది కాదు. తిరునాళ్ళకు ముందు ఒకరోజు మైకుసెట్టు ఆయన తన హారన్లను దొడ్లో బారుగా పెట్టి సరిచూసుకుంటుంటే, మా క్యాసెట్టు ఒక్కసారి వేసి ఎలా ఉందో చెప్పమని బతిమాలాం. వేశాడు. విన్నవాళ్ళు ఆయనా, నేనూ, నా స్నేహితుడూ, హారనుకి ఎదురుగా కట్టేసి ఉన్న ఆయన గేదె. గేదె పలుపు తెంపుకుని పోయింది. ఇన్నేళ్ళూ నేను చెప్పిన జనసముద్రంలో కదిలిన ప్రాణి అదొక్కటే.

ఎలక్ట్రిక్ గిటారు కూడా కాదు. చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న మామూలు గిటారు. దాని పొట్టలోకి టేపురికార్డరు మైకు దూర్చి, ఆ తీగను స్పీకరు చిరిగిన ఓ పాత రేడియో వెనక తగిలిస్తే, గొంతులో ముల్లు గుచ్చుకున్న కుక్క మూలిగినట్టు ఒక శబ్దం వచ్చేది. నాకు కావలసింది సరిగ్గా అదే.

స్టూడియో సంగతి చెప్పేముందు ఆ రోజుల్లో నేనెలా ఉండేవాణ్ణో చెప్పాలి. ఇందులో పెంచి చెప్పడానికి ఏమీ లేదు.

గుంటూరులో డిగ్రీ మళ్ళీ తప్పి, ట్రంకుపెట్టెతో పేటకు తిరిగొచ్చాను. డిగ్రీ తప్పినవాళ్ళు లోకంలో కోకొల్లలు. వాళ్ళు సిమెంటు ఫ్యాక్టరీల్లో చేరారు, ఎరువుల కొట్లు పెట్టుకున్నారు, కొందరు రాజకీయాల్లోకి పోయి నాకంటే బాగున్నారు. నాకేమో కాళ్ళు కదల్లేదు. బజారుకు వెళ్ళడం మానేశాను. గడ్డం గీసుకోవడం మానేశాను. అమ్మ పెడితే తినేవాణ్ణి. పెట్టకపోతే తినలేదన్న సంగతి గుర్తుండేది కాదు. పొద్దున మంచంమీద లేచి కూర్చుని, ఎందుకు లేచానా అని వెతుక్కునేవాణ్ణి. చాలాసేపు వెతికేవాణ్ణి. దొరికేది కాదు.

హాస్టల్లో నా పక్కమంచం వాడి దగ్గర ఒక ఇంగ్లీషు క్యాసెట్టు ఉండేది. ఓడల్లో పనిచేసే బంధువెవరో వాడికి తెచ్చిచ్చాడు. మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. గిటారు మాత్రం అర్థమయ్యేది. కోపం వచ్చిన మనిషి ఎవరికీ క్షమాపణ చెప్పకుండా ఇల్లంతా తిరుగుతూ గోలపెట్టినట్టు ఉండేది. ఇంటికొచ్చాక నా చెవుల్లో మిగిలింది ఆ గోలే. అలాంటి పాట ఒకటి తెలుగులో, నా గొంతుతో, నేను చెయ్యాలనుకున్నాను. అనుకున్న రోజు పొద్దున లేవడానికి ఒక కారణం దొరికింది. ఆ ఒక్క కారణమే ఉంది, రెండోది లేదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం దగ్గర నాయన అడిగాడు. మా నాయన వినుకొండవైపు పొలం చేసుకునే రైతు. మాటలు తక్కువ.

"ఏందిరా, ఆ గదిలో నువ్వు చేసేది?"

"పాట."

"సరే. అది అయినాక?"

నేను మజ్జిగన్నం కలుపుతూ అన్నాను: "ఈ పాటొకటి పూర్తయితే చాలు నాయనా. ఆ తర్వాత నేనుండీ ఒకటే, లేకపోయినా ఒకటే."

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ చేతిలో గరిటె గిన్నెకి తగిలి టంగుమంది. ఆ మాటలో సగం నాటకమే. అనేశాక బాగా అన్నానని లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. మిగతా సగం నాటకం కాదు. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో ఆ పూట నన్నడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. ఆ వారంలోనే వసారాలో ఉండే పురుగుమందు డబ్బాలు పొలంలో పాకలోకి వెళ్ళిపోయాయి. ఆ వాసన పాడేవాడి గొంతుకు పడదని నాయన గ్రహించాడనుకుని పొంగిపోయాను.

ఇక స్టూడియో. ఆ ఏడు పత్తి బాగానే పండింది, రేటే లేదు. పొలం నుంచి తెచ్చిన పత్తినంతా ఇంటి ముందుగదిలో విడిగా పోశారు. నడుమెత్తున తెల్లగా, కిటికీదాకా. ఆ పత్తిగుట్టల మధ్య నిలబడి మాట్లాడితే మాట పెదవి దాటగానే కింద పడిపోయేది. చప్పట్లు కొడితే ఎవరో దిండుమీద చరిచినట్టు ఉండేది. వీధిలో రిక్షా గంట గానీ, పక్కింటి పిల్లల ఏడుపు గానీ లోపలికి వచ్చేవి కావు. రికార్డింగుకి ఇంతకంటే మంచి చోటు మద్రాసులో కూడా దొరకదని నేను ప్రకటించాను. మద్రాసులో నేను చూసింది రైల్వేస్టేషనొక్కటే.

నాకు తోడు మా వీధి చివర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే సాయిబుగారి అబ్బాయి. చిన్నప్పటినుంచీ నేస్తుడు. వాడు నన్ను మావా అంటాడు, వాళ్ళ నాన్నని అబ్బా అంటాడు, మా నాయనని పెదనాయనా అంటాడు. వాళ్ళ దుకాణానికి రిపేరుకొచ్చిన టేపురికార్డర్లు బాగయిన తర్వాత కూడా కొన్నాళ్ళు యజమానుల దగ్గరికి వెళ్ళేవి కావు; మా పత్తిగదికి వచ్చి, మాకు సేవచేసి, అప్పుడు వెళ్ళేవి.

మా పద్ధతి ఇది. మొదటి టేపురికార్డరులో గిటారూ, వాడి దరువూ పట్టేవాళ్ళం. దరువంటే బోర్లించిన నూనెడబ్బా, ఒక డోలు, ఒక ఇత్తడి మూత. తర్వాత ఆ టేపుని పైకి మోగిస్తూ, దానితోపాటు నేను పాడుతుంటే, ఆ రెండూ కలిపి రెండో టేపురికార్డరులో పట్టేవాళ్ళం. మళ్ళీ దాన్ని మోగిస్తూ ఇంకో గిటారు వరుస కలపాలంటే మొదటి టేపురికార్డరులో ఇంకో క్యాసెట్టు పెట్టాలి. ఒక టేపులోంచి ఇంకో టేపులోకి దూకినప్పుడల్లా పాట అడుగున సన్నటి రొద ఒకటి పెరిగేది. పాలల్లో నీళ్ళు కలుపుతూ పోతే ఏమవుతుందో అదే అయ్యేది.

మిక్సింగంటే ఇప్పటివాళ్ళు బల్లముందు కూర్చుని మీటలు జరుపుతారట. మాకు మీటలు లేవు. మనుషుల్ని జరిపేవాళ్ళం. దరువు తగ్గాలంటే మావాడు నూనెడబ్బా ఎత్తుకుని పత్తిగుట్ట వెనక్కి పోయేవాడు. ఇంకా తగ్గాలంటే చంకలదాకా మునిగేలా పత్తిలో కూర్చుని కొట్టేవాడు. గొంతు పెరగాలంటే నేను మైకు దగ్గరికి జరగాలి. గిటారు మెత్తబడాలంటే రేడియో మీద ఇంత పత్తి కప్పాలి. ఒక్కదాన్ని సరిచెయ్యాలన్నా పాట మొత్తం మళ్ళీ పాడాలి. దూది ముక్కులోకి పోయి వాడు సరిగ్గా చరణం మధ్యలో తుమ్మేవాడు. మళ్ళీ మొదటినుంచి.

పాట పల్లవి ఇక్కడ రాయకపోతే మోసమవుతుంది.

"నాపరాయిని నేను, ఎండలో నాపరాయిని నేను,
కూర్చోవద్దు, కాలుతాను!"

ఆ చివరి 'కాలుతాను' దగ్గర నేను అరుస్తాను. చిరిగిన స్పీకరు కూడా అరుస్తుంది. ఇద్దరం కలిసి చాలాసేపు కాలుతాం.

మొదటి మిక్సింగు అయ్యాక బస్టాండు దగ్గర టీకొట్టుకు తీసుకెళ్ళాం. కొట్టాయన అందరికీ బాబాయి. ఆయన దగ్గర గట్టిగా మోగే టేపురికార్డరు ఉంది, పొద్దస్తమానం పాటలు వినే చెవులున్నాయి. క్యాసెట్టు వేశాడు. గ్లాసు తుడుస్తూ విన్నాడు. తుడవడం అయిపోయినా ఆ గ్లాసునే తుడుస్తూ ఉన్నాడు.

బల్లమీద కూర్చున్న ఒకాయన అడిగాడు: "ఏంది బాబాయ్, టేపు చుట్టుకుపోయిందా?"

"నువ్వు టీ తాగి లెగు," అన్నాడు కొట్టాయన. తర్వాత నావైపు తిరిగి, "బాగుందిరా అబ్బాయ్. చానా బాగుంది. కానీ..."

"కానీ?"

"గొంతు వినపడటల్లా. గొంతు పైకి రావాల. ఇంకొంచెం పని ఉంది దీంట్లో. చేసి పట్టుకురా, నేను వింటాగా."

పల్నాడులో మనిషికి మొహమాటం లేదని అంటారు. పెళ్ళికూతురి మొహం బాగాలేకపోతే పెళ్ళిలోనే చెప్పే ఊరు మాది. అలాంటి ఊళ్ళో ఒక మనిషి 'చానా బాగుంది' అన్నాడంటే అది రాగిరేకు మీద చెక్కించుకోవలసిన మాట. నేను ఇంటికి పరిగెత్తి మైకుని మింగేటంత దగ్గరగా పెట్టుకుని మళ్ళీ పాడాను.

రెండోసారి మావాడి మేనమామకు వినిపించాం. ఆయన దాచేపల్లినుంచి సిమెంటు లారీ తోలేవాడు. లారీ రోడ్డుపక్కన ఆపించి, క్యాబిన్‌లో ఎక్కి కూర్చుని, ఆయన టేపులో పెట్టాం. ఇంజను ఆపలేదు. ఇంజను నడుస్తుండగా వింటేనే పాట సంగతి తెలుస్తుందన్నాడు.

"గొంతెందుకురా అంత?" అన్నాడు విన్నాక. "మాచర్ల రోడ్డు గుంటల్లో ఈ మోతకి నీ గొంతు ఎవడికి వినపడుద్ది? దరువు పెంచు. దరువైతే చెవికి తెలవకపోయినా ఒంటికి తెలుస్తది."

"టీకొట్టు బాబాయి గొంతు పెంచమన్నాడు మామా."

"ఆయనకేం తెలుసు, కూర్చున్న చోట కూర్చునే మనిషి! నువ్వు దరువు పెంచి పట్టుకురా. వచ్చే లోడుకి ఇక్కడే ఆపుతా. ఆపుతా అన్నానంటే ఆపుతా. నువ్వుండాల ఇక్కడ, తెలిసిందా?"

సరే, మావాణ్ణి పత్తిలోంచి పైకి తీశాను. నేను వెనక్కి జరిగాను.

గిటారిచ్చిన టీచరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమె కళ్ళు మూసుకుని వింది. ప్రార్థన చేస్తోందో, భరిస్తోందో తెలియలేదు. "ఆ గిటారు ఎవర్నో తిడతన్నట్టుంది నాయనా," అంది కళ్ళు తెరిచి. "తిట్టొద్దనటల్లా. తిట్టేవాడు కూడా మధ్యలో ఊపిరి తీసుకుంటాడు గదా. కాస్త ఊపిరి పెట్టు దీంట్లో. పెట్టి వచ్చే ఆదివారం తీసుకురా. తప్పకుండా రావాల, ఏదీ, చేతిలో చెయ్యేసి చెప్పు."

చేతిలో చెయ్యేసి చెప్పాను. ఒక పాటకు ఇంత ఒట్టెందుకో అర్థం కాలేదు. నా కళ ఆమెను కదిలించిందనుకున్నాను.

ఇలా వారాలు గడిచాయి. ఒకరు పెంచమన్నది ఇంకొకరు తగ్గించమన్నారు. అందరూ బాగుందన్నారు, ఒక్కరూ అయిపోయిందనలేదు. ప్రతి సలహాకూ పాట ఒక టేపులోంచి ఇంకో టేపులోకి దూకింది. దూకినప్పుడల్లా నా గొంతు కొంచెం దూరం జరిగింది. నేను ఆ గదిలోనే ఉన్నాను, పాటలోని మనిషి మాత్రం పక్కవీధికి, తర్వాత ఊరిచివరకు, తర్వాత పొలాల్లోకి వెళ్ళిపోతున్నట్టు ఉండేది. మొదట్లో ప్రతి సలహా తర్వాతా ఆశ పుట్టేది. తర్వాత్తర్వాత 'ఇంకొంచెం పని ఉంది' అన్న మాట పూర్తికాకముందే క్యాసెట్టు తీసుకుని లేచేవాణ్ణి. ఒక్క పాట కూడా సరిగ్గా పూర్తిచెయ్యలేనివాడు ఇంక దేనికి పనికొస్తాడు? డిగ్రీ తప్పినప్పుడు పుస్తకాలు నావి కావు కదా అనుకుని సరిపెట్టుకున్నాను. పాట నాది. దాన్నీ తప్పుతున్నాను.

మైకుసెట్టు ఆయన దొడ్లో గేదె పలుపు తెంపుకున్నది అప్పుడే. గేదెను వెతికి తెచ్చి కట్టేసి, చెమట తుడుచుకుంటూ ఆయన తీర్పు చెప్పాడు: "అంతా ఉందిరా, ఎకో లేదు. ఎకో లేకపోతే అది పాటెట్టా అవుద్ది? నా హారన్లో మాట కొండకు తగిలి తిరిగి రావాల. నీది పోయినచోటే చచ్చి ఊరుకుంటంది."

తప్పు పత్తిది. పత్తి ప్రతిధ్వనిని తాగేస్తోంది. గదిలోంచి పత్తి తియ్యలేం కాబట్టి, ప్రతిధ్వని ఉన్నచోటికే మేము పోవాలి. దొడ్లో నీళ్ళు పట్టుకునే సిమెంటు గాబు ఉంది, మనిషి లోతు. అమ్మ దాన్ని ఆ పొద్దునే కడిగి ఆరబెట్టింది. అందులో తల పెట్టి 'కాలుతాను' అని అరిస్తే అరుపు నాలుగువైపులా తిరిగి, కాళ్ళకిందనుంచి పైకి వచ్చింది. ఆనందంతో మావాడు కూడా తల పెట్టి అరిచాడు. టేపురికార్డరుని గాబు అడుగున పెట్టి, ఇంకోదాన్ని గట్టుమీద మోగిస్తూ, నేను లోపలికి వంగి పాడాను. అన్ని రోజుల్లోకీ అది మంచి పాట. అది మాత్రం పెంచి చెప్పడం లేదు. గొంతు ఉంది, దరువు ఉంది, ఊపిరి ఉంది, ఎకో ఉంది. టేపురికార్డరుని గాబులోనే వదిలి, ఆ సంబరం పట్టలేక టీకొట్టుకు పోయి బాబాయిని పిలుచుకొద్దామని వెళ్ళాం.

పేటలో మున్సిపాలిటీ నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఇంట్లోనూ కుళాయి తిప్పే ఉంచి, దాని కింద గాబు పెడతారు. వచ్చినప్పుడు వాటంతట అవే నిండుతాయి. పుట్టినప్పటినుంచీ చూస్తున్న సంగతి. అది మా ఇద్దరికీ ఆ ఒక్క గంట గుర్తులేకుండా పోయింది.

మేము తిరిగొచ్చేసరికి గాబు నిండి పొర్లుతోంది. అడుగున టేపురికార్డరు చేపలా మెరుస్తోంది. నేను బట్టలతోనే దిగాను.

క్యాసెట్టు విప్పి, టేపుని బారుగా లాగి, బట్టలారేసే తీగమీద ఆరేశాం. గోధుమరంగు టేపు దొడ్డి ఈ చివరినుంచి ఆ చివరికి గాలికి ఊగుతుంటే అమ్మ చూసింది. తన చీరలు తీసి పక్కకు పెట్టుకుంది. ఆరిన తర్వాత మళ్ళీ చుట్టి పెట్టి విన్నాం. నీళ్ళలో మునిగిన మనిషి కిందనుంచి ఏదో చెప్పబోతున్నట్టు, బుడగలు బుడగలుగా ఒక గొంతు. అది నాదే. మావాడు స్విచ్చి నొక్కేశాడు.

నేను పత్తిగదిలోకి వెళ్ళి తలుపేసుకుని పత్తిలో పడుకున్నాను. పడుకుంటే పత్తి మెల్లగా రెండువైపులనుంచీ పైకి లేచి కప్పేస్తుంది. చెవులు మూసుకుపోతాయి. నా గుండె చప్పుడు కూడా నాకు వినబడలేదు. ఇంతే కదా, ఇలా ఉంటుందన్నమాట, పెద్ద కష్టమేమీ కాదు అనుకున్నాను. ఆ రోజు నేను అనుకున్నవన్నీ ఇక్కడ రాయను.

ఎంతసేపటికో నాయన వచ్చాడు. తలుపు తోసి, పత్తిలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. పత్తిలో కూర్చోవడం రైతుకు అలవాటు లేదు. పత్తిని తొక్కడమంటే ఆయనకు కంచాన్ని తొక్కినట్టు.

"మళ్ళా పాడు," అన్నాడు.

"పోయింది నాయనా. అంతా పోయింది."

"పోతే మళ్ళా పాడు."

"ఎవరికోసం? దేనికోసం?"

నాయన చుట్టూ చూశాడు. ఇంకేమీ దొరకనట్టు, "పత్తి ఇంకా ఉందిగా," అన్నాడు.

అదేం జవాబో నాకు బోధపడలేదు. కానీ ఆయన లేచిపోలేదు. నేను లేచేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళు నొప్పిపెడతాయని లేచాను.

మర్నాడు పత్తి బేరగాడు వచ్చాడు. వసారాలో నిలబడే చెప్పాడు: "రేటు ఇంక దిగుద్దే గానీ ఎక్కదు పెద్దాయనా. వాన పడిందంటే రంగు మారుద్ది. ఈ వారం ఎత్తేద్దాం."

"ఇప్పుడమ్మను," అన్నాడు నాయన.

"ఏందీ పంతం? ఊళ్ళో అందరూ ఇచ్చేశారు."

"ఊరి పత్తి ఊరిది. నాది నేను ఇప్పుడమ్మను."

మా నాయన పంతం గురించి నేను చాలా కథలు చెప్పాను, అందులో ఇదొకటి. రేటు పెరుగుతుందని మొండికేసి కూర్చున్నాడు. నేను లోపల ఈ మూల పాడుతుంటే, ఆయన ఆశ ఆ మూల పసుపుపచ్చగా మారుతూ వచ్చింది. ఎలుకలు గూళ్ళు పెట్టాయి. కిటికీవైపు పత్తి వానజల్లుకి ముద్దకట్టింది. ఇద్దరం ఒకే గదిలో, ఎవరి మొండితనంతో వాళ్ళం చెడిపోయాం. తండ్రీకొడుకులంటే అలాగే ఉండాలని నవ్వించేవాణ్ణి.

నేను మళ్ళీ పాడాను. టీచరమ్మకు ఇచ్చిన మాట ఉంది, లారీ మామ వచ్చే వేళ ఉంది, బాబాయి వింటానన్నాడు. వాళ్ళు చెప్పింది చేశాను, మళ్ళీ చెప్పింది చేశాను. ఉత్సాహం లేదు. గాబులో విన్న పాట చెవిలో ఉండగా ఇంకే పాటా పాటలా లేదు. మైకు ముందు నిలబడితే అరుపు కూడా అరుపులా రావడం మానేసింది. టేపులన్నీ అరిగి, వాటిలో రొద తప్ప ఏమీ మిగలకుండా పోయింది. ఒకరోజు మావాడు నూనెడబ్బాతో వస్తే, ఇవాళ వద్దురా అన్నాను. రేపు కూడా వద్దన్నాను. వాడు డబ్బా పక్కన పెట్టి, పత్తిగింజలు ఏరుకుంటూ సాయంత్రందాకా నాతోనే కూర్చున్నాడు. ఆ రోజంతా ఇద్దరం పాట ఊసెత్తలేదు. అమ్మ పిలిస్తే లేచి వెళ్ళి అన్నం తిన్నాం. తింటుంటే, ఆకలేసిందని నాకు తెలిసింది.

చివరికి నాయన పత్తి అమ్మాడు. ఎవరూ ఇవ్వనంత తక్కువకు. గోతాలకెత్తేటప్పుడు నన్ను కూడా రమ్మన్నాడు. వద్దనడానికి కూడా ఓపికలేక వెళ్ళాను. ఆయన గోతం మూతి పట్టుకున్నాడు, నేను చేతులతో ఎత్తి కూరాను, ఇద్దరికీ తల నెరిసినట్టు దూది అంటుకుంది. లారీ వెళ్ళిపోయాక ఖాళీగదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూశాను. గోడలన్నీ ఠంగుమని తిరిగి జవాబు చెప్పాయి. పాడి చూడాలనిపించలేదు.

తర్వాత బతికాను. ఎలాగో చెప్పమంటే చెప్పలేను. ఒక పత్తిమిల్లులో కాటా దగ్గర కూర్చున్నాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని చదివించాను. పాట మాత్రం పోయింది. నలుగురు నాలుగు మాటలు చెప్పి నా పాటను చంపేశారు. ఎవరైనా ఒక్కరు 'ఇక చాలురా, అయిపోయింది' అని ఉంటే, చాలా బాగున్న ఆ మొదటి టేపైనా మిగిలేది. ఈ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక్కడిదాకా రాసి మావాడికి చదివి వినిపించాను. వాడికిప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. రేడియోల కొట్టు పోయి సెల్‌ఫోన్ల కొట్టయింది, దాన్ని వాడి అల్లుడు చూస్తాడు. నేను గట్టిగా చదివాను. గేదె దగ్గర నవ్వాడు. గాబు దగ్గర నవ్వలేదు. అంతా అయ్యాక, ఎలా ఉందిరా అని అడిగాను.

"మీ నాయన రేటు కోసం పంతం పట్టాడని రాశావే, అది కొట్టెయ్," అన్నాడు.

"అదేందిరా, నువ్వు కూడా ఉన్నావుగా అప్పుడు?"

"ఉన్నా కాబట్టే చెప్తన్నా. పత్తి ఎప్పుడమ్మాలో తెలవని మనిషా పెదనాయన? అన్నం దగ్గర నువ్వా మాట అన్నావు చూడు, తెల్లారి మా కొట్టుకొచ్చాడు. టేపురికార్డరు బాగుచేయించాలని కూర్చున్నాడు, చేతిలో టేపురికార్డరే లేదు. మా అబ్బా టీ తెప్పించినా తాగలా. నన్ను పక్కకు పిలిచి, 'అబ్బాయ్, ఆ పాట అప్పుడే అయిపోనియ్యమాకురా' అన్నాడు. అంతే అన్నాడు. నేనే బాబాయికి చెప్పొచ్చా, టీచరమ్మకి చెప్పొచ్చా, మా మామకి చెప్పొచ్చా, మైకుసెట్టాయనకి చెప్పొచ్చా. బాలేదని అనమాకండి, అయిపోయిందని అసలే అనమాకండి, ఏదో ఒక పని చెప్పి మళ్ళా రమ్మనండి అని. పత్తి కూడా అందుకే ఆపాడు. గది ఖాళీ అయితే నువ్వేం చేస్తావోనని. రేటంట, రేటు!"

రాసిన కాగితాలు మడిచి పక్కన పెట్టాను. తర్వాత, ఈ వయసులో సిగ్గు లేకుండా, అదే అడిగాను. "మరి పాట? ఆ మొదటి టేపు?"

"పాటేందిరా," అన్నాడు వాడు. "ఎవడు విన్నాడు? అందరం నీ మొకం చూస్తా కూర్చున్నాం."